ఎర్తు గుంతలో రాగి పలక

మీ ఇంటి గోడకు ఇప్పుడొక తెల్లని డబ్బా ఉంటుంది. ఎక్కడైనా తేడా వస్తే అందులోని మీట దానంతట అదే పడిపోతుంది. కరెంటు పనిలోకి కొత్తగా వస్తున్న యువకులు దాన్ని చూసి, కనిపెట్టినవాడు గొప్పవాడు అనుకుంటారు, అనుకోవడం న్యాయమే. ఆ డబ్బా రాకముందు అదే పని చేయవలసిన బాధ్యత పింగాణీ పిడిలో బిగించిన సన్నని ఫ్యూజు తీగ మీద, భూమిలోకి దిగే ఎర్తు తీగ మీద, ఆ రెండూ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టే మనిషి మీద ఉండేది. తీగల గురించి పుస్తకాలు ఉన్నాయి. ఆ సంతకం గురించి రాయవలసినవాణ్ణి నేను, ఎందుకంటే అది నాది.

కరెంటు శాఖ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి దినచర్య రాశాను. హైదరాబాదు రాష్ట్రం ఉన్నన్నాళ్ళు ఉర్దూలో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత ఇంగ్లీషులో. ఏ రోజు ఏ స్తంభం ఎక్కామో, ఏ ఇంట్లో ఎన్ని దీపాలు బిగించామో, వాన ఏ గంటకు మొదలై ఏ గంటకు ఆగిందో అన్నీ ఉన్నాయి. ఈ వృత్తాంతాన్ని కూడా ఆ పుస్తకాలు ముందు పెట్టుకునే రాస్తున్నాను. రాయవలసిన ఒక్క సంగతి మాత్రం వాటిలో లేదు. అది ఎందుకు లేదో చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

అది గోదావరి ఒడ్డున ఉన్న ఒక పాత పట్నం. పేరు రాయను, అప్పటి వాళ్ళ మనుమలు ఇంకా అక్కడే ఉన్నారు. కరెంటు వచ్చిన కొత్తలో ఇంటికి రెండు దీపాలు, ఎవరైనా కలిగినవారైతే ఒక ప్లగ్గు. అంతకు మించి ఎవరూ అడగలేదు. మూడు నాలుగేళ్ళు గడిచేసరికి హైదరాబాదు నుంచి ఇస్త్రీ పెట్టెలు వచ్చాయి, టేబులు ఫ్యాన్లు వచ్చాయి, తీగచుట్టల పొయ్యిలు వచ్చాయి, చివరికి నీళ్ళలో ముంచి కాచుకునే కడ్డీలు వచ్చాయి. దీపానికి వేసిన తీగ మీద ఇవన్నీ పెట్టారు. ఫ్యూజు తీగ తెగేది. తెగడం దాని ధర్మం. జనానికి అది దాని పోకిరితనంగా కనిపించింది. తెగిన తీగ స్థానంలో ఒకాయన సైకిలు బ్రేకు తీగ పెట్టాడు. ఒక ఇల్లాలు తలపిన్ను పెట్టింది. ఒక ఉపాధ్యాయుడు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టి, ఆ ఉపాయాన్ని వీధిలో అందరికీ నేర్పాడు. ఇవేవీ కల్పన కాదు; ఇంటి నంబర్లతో సహా నా దగ్గర ఉన్నాయి.

పైనుంచి ఉత్తరువు వచ్చింది. వేడి సాధనాలు వాడే ప్రతి ఇంటిలోనూ తగిన ఫ్యూజు మార్చాలి, రెండు కాళ్ళ ప్లగ్గు తీసి మూడు కాళ్ళ ప్లగ్గు బిగించాలి, ఆ మూడో కాలికి ఎర్తు తీగ కట్టి దాన్ని పెరట్లో గుంత తీసి పాతిన రాగి పలకకు కలపాలి. ఇనుప పెట్టెలోనో కడ్డీలోనో కరెంటు దారి తప్పితే అది మనిషిని పట్టకుండా ఆ తీగ వెంట భూమిలోకి పోతుంది. అంత కరెంటు ఒక్కసారి పోయేసరికి ఫ్యూజు తెగుతుంది, మనిషి బతుకుతాడు. పలక చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేస్తారు, నేల తడి ఆరకుండా ఉండటానికి. ఆ పట్నంలో వంద పైచిలుకు ఇళ్ళకు ఈ పని చేయించే బాధ్యత, సెక్షను అధికారిగా, నాది. ప్రత్యేకంగా ఒక రిజిస్టరు కుట్టించాను. ఎర్తు పూర్తయిన ఇంటికి ఎర్ర సిరాతో ఒక గుర్తు, పక్కన నా సంతకం. ఆ ఎర్ర గుర్తుల వరుసను చూసుకుంటే నాకు కలిగిన తృప్తిని ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

నా కింద ఒక లైనుమన్ను ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. పాత పవరుహౌసులో బొగ్గు పోసే పనితో మొదలై స్తంభాలు ఎక్కే దాకా వచ్చినవాడు. అక్షరం రాదు, హాజరు పట్టీలో వేలిముద్ర. కాని ఊరిలో ఏ తీగ ఏ స్తంభం నుంచి ఏ చూరు కింద దిగుతుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. నా రాత అలవాటు అతనికి పెద్ద వినోదం. "మా సారు తుమ్మితే గూడ తారీకు ఏసి రాసుకుంటడు," అని హోటలు దగ్గర అందరినీ నవ్వించేవాడట. ఆ మాట నాకు చేరింది. దాన్ని ఒక పొగడ్తగా స్వీకరించాను.

నా ఆఫీసులో ఒక నియమం పెట్టాను. కొత్తగా వచ్చినప్పుడు నోటిమాట ఫిర్యాదులతో విసిగిపోయి పెట్టినది. దీపం వెలగకపోయినా, స్తంభం ఒరిగినా, ఏదైనా సరే కాగితం మీద రాసి ఇవ్వాలి; రాయనిది నాకు తెలియనట్టే. పై అధికారులు మెచ్చుకున్నారు. పక్క సెక్షన్ల వాళ్ళు అనుకరించారు. ఊళ్ళో సగం మందికి, నా దగ్గర పనిచేసే వాళ్ళలో ముగ్గురికి రాయడం రాదన్న సంగతి ఆ నియమం పెట్టిన నాడు నాకు తోచలేదు. తోచిన తర్వాత కూడా నియమం మార్చలేదు.

బజారులో బట్టల దుకాణం నడిపే ఒక సావుకారి ఇంటికి వెళ్ళాం. నలభై లోపు వయసు, ముసలి తల్లి, భార్య. కరీంనగరం నుంచి నీళ్ళు కాచే కడ్డీ తెచ్చుకున్నాడు. ఆ వీధిలో అదే మొదటిది. పెరట్లో స్నానం చేసే జాలారి పక్కన నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది కనుక అక్కడే గుంత తీయించాను. కూలీలు బొగ్గు పోస్తున్నారు, ఉప్పు పోస్తున్నారు. ముసలమ్మ తలుపు వెనక నుంచి చాలాసేపు చూసి, లైనుమన్నును పిలిచి అడిగింది, ఇంటి నడుమ ఇవన్నీ ఎందుకు పాతిపెడుతున్నారని. అతను గుంత దగ్గరనుంచి లేచి చేతులు దులుపుకుని చెప్పబోయాడు. ఆ రోజు ఇంకా మూడు ఇళ్ళు మిగిలి ఉన్నాయి. నేను అడ్డుపడి, "సర్కారు ఆర్డరు, అవ్వా," అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. సర్కారు ఆర్డరు అన్న మాట విన్న మనిషి ఆ కాలంలో ఇంకేమీ అడిగేవాడు కాదు. కొడుకు దుకాణంలో ఉన్నాడు. అతని చేత నోటీసు మీద సంతకం అంతకు ముందే తీసుకున్నాను. నోటీసు ఇంగ్లీషులో ఉంది.

తిరిగి వస్తూ లైనుమన్ను సైకిలు దిగి నా పక్కన నడిచాడు.

"సారూ, జర సమజాయించి చెయ్యాలె. మన దిక్కు బొగ్గు, ఉప్పు, రాగిరేకు ఇంట్ల పాతిపెడితె ఏమనుకుంటరో మీకు ఎరుకలేదా?"

ఎరుకే. నేను ఆకాశం నుంచి ఊడిపడలేదు; అక్కడికి పన్నెండు కోసుల దూరంలోని పల్లెలో పుట్టాను. బాణామతి చేసేవాళ్ళు ఏమేం పాతుతారో చిన్ననాడు విన్నవాణ్ణే. కాని నేను చదువుకున్నవాణ్ణి కదా. మూఢనమ్మకాలు పోగొట్టడం బడిపంతుళ్ళ పని, మన పని కరెంటు అన్నాను. అతను సైకిలు ఎక్కాడు. ఆఫీసుకు చేరగానే ఆ ఇంటికి ఎర్ర గుర్తు పెట్టాను.

నెల తిరగకముందే సావుకారికి కామెర్లు వచ్చాయి. ఒళ్ళు పసుపు పచ్చగా మారి, మంచం దిగలేని స్థితికి వచ్చాడు. ముసలమ్మకు కారణం వెతకనవసరం లేకపోయింది. అది పెరట్లోనే పాతిపెట్టి ఉంది. ఎవరో దూరపు చుట్టం కూడా ఔనన్నాడు. ఒక మంగళవారం కూలీని పిలిచి గుంత తవ్వించి, తీగ తెంపించి, పలకను పసుపు గుడ్డలో చుట్టించింది. తన చేత్తో గోదావరిలో వేయడానికి భయం. కనుక దాన్ని ఇంటికి తెచ్చినవాళ్ళలో ఒకడైన మా లైనుమన్నునే పిలిపించి చేతిలో పెట్టి, "నీ కాళ్ళు మొక్కుత బిడ్డా, దీన్ని గోదాట్ల కలిపి రా," అంది.

అతను తీసుకున్నాడు. ఆ పలక అక్కడ ఎందుకు ఉండాలో అతనికి తెలుసు; ఆ ముసలమ్మకు ఆ గడియలో ఏం చెప్పినా ఎక్కదని కూడా తెలుసు. కొడుకు లేచి తిరిగే దాకా ఆగి, నచ్చజెప్పి, మళ్ళీ పాతుదామని దాన్ని తన ఇంట్లో చూరు కింద పెట్టాడు. మరునాడు పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు. జిల్లా నుంచి పెద్ద అధికారి తనిఖీకి వచ్చే వారం అది. నేను రిజిస్టర్లకు అట్టలు వేయిస్తున్నాను.

జరిగినదంతా చెప్పాడు. నేను తల ఎత్తకుండానే విన్నాను.

"వాళ్ళను రాసి ఇమ్మను," అన్నాను.

"బాణామతి అని తవ్వినమని ఎవరన్న రాసిస్తరా సారూ?"

"అట్లయితే నువ్వు రాసియ్యి. ఎవరితోనన్న రాయించి వేలుముద్ర ఎయ్యి."

"నాకు రాయవస్తె మీ కుర్సీల నేనే కూసుందును," అని నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత అతను నవ్వు మాని, మంచం దిగగానే ఆ మనిషి కడ్డీ వాడతాడని, అందాకా ఆ ప్లగ్గు ఫ్యూజు పిడి ఊడదీసి తెస్తానని, ఒక్క మాట సెలవియ్యమని అడిగాడు.

ఒక్క మాట. పిడి ఊడదీస్తే ఎందుకు ఊడదీశామో రిజిస్టరులో రాయాలి. రాస్తే ఎర్ర గుర్తు కొట్టివేయాలి. తనిఖీకి నాలుగు రోజుల ముందు, వంద పైచిలుకు ఇళ్ళలో ఒక్కటీ మిగలకుండా పూర్తి చేసిన ఏకైక సెక్షను అని జిల్లాలో పేరు పడిన సమయంలో, ఒక ముసలమ్మ భయం కోసం కొట్టివేత. తనిఖీ పోనియ్యి, తర్వాత చూద్దాం అన్నాను. అతను గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. ఆ రోజు దినచర్యలో పింగాణీ పిడుల నిల్వ ఎంతో రాసి ఉంది. అట్టలకు గోధుమరంగు కాగితం చాలలేదని రాసి ఉంది. మబ్బు పట్టిందని రాసి ఉంది. లైనుమన్ను వచ్చినట్టు లేదు.

తనిఖీ బాగా జరిగింది. అధికారి రిజిస్టరు పుటలు తిప్పి, ఏ ఇంటికీ పోకుండానే ప్రతి పుట కింద సంతకం పెట్టి, మిగతా సెక్షన్లు ఇక్కడికి వచ్చి నేర్చుకోవాలి అన్నారు. ఆ తర్వాత నేను సెలవు మీద ఊరికి పోయాను, వచ్చాను, సంతకాలు పేరుకుపోయాయి. 'తర్వాత చూద్దాం' అన్నది గుర్తు లేకపోలేదు. దినానికి ఒకసారి గుర్తొచ్చేది. లైనుమన్ను ఎదురుపడినప్పుడు అతనే అడుగుతాడులే అనుకునేవాణ్ణి. అతను నేను చెబుతానని అనుకునేవాడు.

సావుకారు కోలుకున్నాడు. పలక పోయాకనే కోలుకున్నాడని ముసలమ్మకు రుజువు కూడా దొరికింది. కార్తీకమాసం వచ్చింది. చలిలో తెల్లవారుజామున స్నానం. కామెర్ల నుంచి లేచిన ఒళ్ళు, వేడినీళ్ళు కావాలి. ఇత్తడి గంగాళంలో కడ్డీ ముంచి ప్లగ్గు వేశారు. నెలల తరబడి మూల పడి ఉన్న కడ్డీలో తడి చేరి ఉంటుంది. అతను జాలారిలో తడి బండ మీద ఉత్త కాళ్ళతో నిలబడి, ఒక చేత్తో గంగాళం అంచు పట్టుకుని చెంబు ముంచాడు.

నేను వెళ్ళేసరికి లైనుమన్ను స్తంభం దగ్గరే కరెంటు తీసేసి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. సావుకారిని వసారాలో పడుకోబెట్టారు. ముసలమ్మ ఏడవడం లేదు. వచ్చినవాళ్ళందరితో, "కామెర్ల నుంచి బయటపడ్డడు గదా," అని మాత్రం అంటున్నది, ఎవరో లెక్క తప్పు చేశారన్నట్టుగా. నేను ప్లగ్గు ఫ్యూజు పిడి ఊడదీసి చూశాను. తీగ చెక్కుచెదరలేదు. మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటుకు అది తెగదు. తెగేంత కరెంటు పోయే దారి భూమిలో ఉండాలి. ఆ దారిని తెంపి, పెరట్లో గుంత కప్పేసి బండ పరిచారు. నేను వేయించిన ఫ్యూజు తీగ సరైన కొలతదే. ఆ సంగతి మాత్రం ఆ రోజు దినచర్యలో స్పష్టంగా రాసుకున్నాను.

పలక ఏదని పోలీసులు అడిగిన వెంటనే లైనుమన్ను ఇంటికి పోయి, పసుపు గుడ్డతో సహా తానే తెచ్చి వాళ్ళ ముందు పెట్టాడు. భద్రంగా ఉందని చూపిద్దామనుకున్నాడు. పంచనామాలో 'అతని ఇంటినుండి స్వాధీనము చేసుకొనబడినది' అని రాశారు. నా జన్మలో చదివిన కాగితాల్లో అంత నీచమైన వాక్యం మరొకటి లేదు. అందులో ఒక్క అక్షరం అబద్ధం కాదు.

వారం తర్వాత మా ఆఫీసులోనే విచారణ పెట్టారు. జిల్లా నుంచి అదే అధికారి వచ్చారు. లోపలికి పిలవడానికి ముందు లైనుమన్ను వసారాలో నా దగ్గరికి వచ్చి మెల్లగా మాట్లాడాడు. గుంత తవ్వించింది ముసలమ్మ అని తాను చెప్పబోవడం లేదని, నన్ను కూడా చెప్పవద్దని అన్నాడు.

"తన చేతులార కొడుకును సంపుకున్ననని ఆమెకు తెలిస్తె బతకది సారూ. ఆమె పేరు రానియ్యద్దు. నేను మీకు ముందుగాల చెప్పిన గదా. మీరు గదొక్కటి చెప్తె నాకు చాలు."

తల ఊపాను. అతని కొలువు, ముప్పై ఏళ్ళ పేరు నా నోటినుంచి రావలసిన ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. ఆ మాట చెప్పదలచుకునే లోపలికి వెళ్ళాను. ఇది నా తరఫు సాకుగా రాయడం లేదు. ఆ ఉద్దేశం ఎంతసేపు నిలిచిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

మొదట సావుకారి బావమరిదిని అడిగారు. పెరట్లో ఏమి పాతారో, ఎవరు తీశారో తమకు తెలియదన్నాడు. ఇంటి ఆడవాళ్ళను కచేరీలకు ఈడవవద్దని వేడుకున్నాడు. తర్వాత లైనుమన్నును, శాఖకు చెందిన పలక నీ ఇంటికి ఎలా వచ్చిందని అడిగారు. అతను నా వైపు చేయి చూపించి, "సారును అడుగుండ్రి," అన్నాడు. అంతే అన్నాడు.

అధికారి నా వైపు తిరిగారు. ఆయన ముందు బల్ల మీద నా రిజిస్టరు తెరిచి ఉంది, ఆ ఎర్ర గుర్తు ఉన్న పుట దగ్గరే. ఆయన తెలివైనవారు. అడగకూడనిది అడగకుండా ఉండటం కూడా తెలివే. ఆ గుర్తు తప్పని తేలితే దాని కింద ఉన్న తన సంతకం ఏమవుతుందో ఆయనకు నాకంటే ముందే అర్థమైంది.

"పలక తొలగించినట్టు మీకు వ్రాతపూర్వకంగా ఏమైనా అందిందా?" అన్నారు.

"వ్రాతపూర్వకంగా ఏదీ అందలేదు," అన్నాను.

గుమాస్తా రాసుకున్నాడు. లైనుమన్ను ఇంకా నా వైపే చూస్తున్నాడు. నేను సగం మాటే పూర్తి చేశాననుకుని మిగతా సగం కోసం ఆగినట్టు. గుమాస్తా కలం ఆగింది. అధికారి, "మంచిది," అని పుట మూశారు. ఆ రెండింటి మధ్య ఎంత సమయం ఉందని నన్నెవరైనా అడిగితే, ఒక మనిషి ఒక వాక్యం చెప్పడానికి చాలినంత ఉందని చెబుతాను. వాంగ్మూలం కింద లైనుమన్ను చేత వేలిముద్ర వేయించారు. దానిలో ఏముందో అతనికి చదివి వినిపించారు కూడా. అతను చెప్పినది తక్కువే కనుక చదవడం తొందరగానే ముగిసింది.

శాఖ వస్తువు అపహరణ, తద్వారా ప్రాణనష్టం అన్న కారణాలతో కొలువు తీసేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. పలకను గోదావరిలో వేయకుండా అతను ఇంట్లోనే దాచాడన్న సంగతి ముసలమ్మకు చేరింది. ఆమెకు అప్పుడంతా అర్థమైంది: వదిలించుకున్నాననుకున్న చేతబడి వదలలేదు, ఇతను దాచబట్టే వదలలేదు, అందుకే కొడుకు పోయాడు. అతని వాకిట్లోకి వచ్చి దుమ్మెత్తి పోసింది. ఏ ముసలమ్మ ప్రాణం కోసం అతను నోరు మూసుకున్నాడో ఆ ముసలమ్మే. మా కచేరీ అతన్ని దొంగ అన్నది, ఆ ఇల్లు అతన్ని హంతకుడన్నది. పలకను ఆ గుంతలో ఉంచాలని ప్రయత్నించినవాడు ఆ ఊరిలో అతనొక్కడే. నెల లోపల భార్యను తీసుకుని ఊరు విడిచాడు.

నాకు మెచ్చుకోలు పత్రం వచ్చింది. చావు గురించి కాదు లెండి, రిజిస్టరు గురించి. మరుసటి సంవత్సరం పై హోదా ఇచ్చి ఆదిలాబాదు వైపు, బోథ్ దగ్గర కొత్త లైన్ల పనికి పంపారు. అక్కడ మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే పల్లెల్లో గుంతలు తవ్వించినప్పుడు ప్రతి ఇంటి ఆడవాళ్ళను పిలిచి, ఈ బొగ్గు ఎందుకు, ఈ ఉప్పు ఎందుకు అని పొయ్యి దగ్గర కూర్చుని చెప్పాను. అరగంట పట్టేది. తర్వాత ఒక్కరూ వాటిని తవ్వి తీయలేదు. అరగంటతో పోయేదానికి ఒక మనిషి చచ్చాడు, ఒక మనిషి బతికుండగానే చచ్చాడు అని ప్రతి ఇంటి నుంచి లేచి వచ్చేటప్పుడూ అనుకునేవాణ్ణి. ముసలమ్మను కాపాడటానికే ఆ రోజు ఊరుకున్నానని మొదట్లో నాకు నేను చెప్పుకున్నాను. కాపాడినవాడు లైనుమన్ను. నేను ఆ చాటున దాక్కున్నాను.

బోథ్‌లో ఉండగా ఒక వాంగ్మూలం రాశాను. నాలుగు పుటలు, ఇంగ్లీషులో, పేరాలకు సంఖ్యలు వేసి. ఏనాడు ఎర్తు పూర్తయింది, ఏనాడు తొలగింపు నా దృష్టికి తేబడింది, నేను ఏ చర్యా తీసుకొనకపోవడానికి దారితీసిన పరిస్థితులు. మూడు ప్రతులు పైకి పంపాను. ఒకదానికే జవాబు వచ్చింది. విషయము ముగిసినది, మూసిన రిజిస్టరులో మార్పులకు నియమములు అంగీకరించవు అని. వాళ్ళ మీద కోపగించుకున్నాను, చాలా రోజులు. ఆ నియమాలు రాసింది నాలాంటివాడే అయి ఉంటాడు.

అతను పెద్దపల్లిలో ఒక బియ్యం మిల్లులో బస్తాలు మోస్తున్నాడని తెలిసింది. నాలుగో ప్రతి తీసుకుని వెళ్ళాను. మిల్లు వెనక రేకుల కొట్టంలో ఉంటున్నారు. నన్ను చూసి అతను మంచం వాల్చాడు. భార్య నీళ్ళు ఇచ్చి, గడపలో నిలబడింది. తవుడు దుమ్ముతో అతని కనుబొమ్మలు తెల్లగా ఉన్నాయి. కాగితాలు అతని చేతికి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా నాకే తిరిగి ఇచ్చాడు.

"దీంట్ల ఏమున్నదో మీరే సదువుండ్రి సారూ. నా పెండ్లాం గూడ ఇంటది."

చదవబోయాను. ఇంగ్లీషు. మనసులో తెలుగు చేసుకుంటూ, పైన సూచించిన విషయమునకు సంబంధించి క్రింద సంతకము చేసిన నేను విన్నవించుకొనునదేమనగా, అని మొదలుపెట్టాను. అతని భార్య నా నోటి వైపు చూస్తూ నిలబడింది. రెండో పేరా దగ్గర, "జర మాకు సమజయ్యేటట్టు చెప్పుండ్రి," అంది.

కాగితాలు మంచం మీద పెట్టాను.

"పలక తీసిండ్రని నీ పెనిమిటి నాకు ముందే చెప్పిండు. నేను ఇనలే," అన్నాను.

ఇంకా ఏముందోనని ఆ నాలుగు పుటలను మనసులోనే వెతికాను. అంతకు మించి ఏమీ లేదు.

"గింతేనా?" అంది ఆమె.

"గింతే," అన్నాడు అతను. "గా దినం గింతే అడిగిన."

ఇంతకాలం ఈ మాట భర్త ఒక్కడి నోటే విన్నదేమో, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. అతను మంచం మీది కాగితాలు చూపించి, ఈ కాగితం సర్కారుకు ముట్టిందా అని అడిగాడు. ముట్టిందని, ఫైలు మూశామని చెప్పారని అన్నాను. మళ్ళీ కొలువు ఇప్పించమని అడుగుతాడేమో అని భయపడ్డాను. అతను అడిగింది అది కాదు.

"కాయితాలు నాకెందుకు సారూ. మీరు ఇప్పుడు నా పెండ్లానికి చెప్పిన మాట, గా ఊరి బజార్ల హోటలు కాడ నిలవడి ఒక్కసారి చెప్పి పోండ్రి. ముసలమ్మ గూడ పోయిందట. ఇగ ఎవలకు భయం?"

చెబుతానన్నాను. ఈసారి తల ఊపలేదు, నోటితోనే అన్నాను. మిల్లు మళ్ళీ మొదలైంది. అతను తలకు తువ్వాలు చుట్టుకుని బస్తాల దగ్గరికి పోయాడు.

పెద్దపల్లి బస్‌స్టాండులో ఒక గంట కూర్చున్నాను. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరికి పోయే బస్సు ముందు వచ్చింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. హోటలు ముందు నిలబడి నేను ఆ మాట అంటున్నట్టు, బల్లల దగ్గరి వాళ్ళు చాయ్ గ్లాసులు దించి నా వైపు తిరిగినట్టు ఊహించుకున్నాను. బస్సు కదిలింది. నేను ఆ తర్వాత వచ్చిన కరీంనగరం బస్సు ఎక్కాను.